రాజా దీన్ దయాళ్

మన హుమ్నాబాదు తెలుగు ఇండ్లలో ఏ ఇంటికి పోయినను గోడ మీద ఒక పాత ఫోటో కనిపించక మానదు. తలపాగా చుట్టుకొని కుర్చీలో కదలక మెదలక కూర్చున్న తాతగారు, పక్కన చేయి ఎక్కడ పెట్టుకోవలెనో తెలియక నిలుచున్న అవ్వగారు, వెనుక బట్ట మీద చిత్రించిన తోట, మెట్లు, ఒక స్తంభము. బ్రతుకుతెరువు వెదకుకొనుచు ఇక్కడికి వచ్చిన పెద్దలు ఈ పటములను ట్రంకు పెట్టెలలో, చీరల మడతల నడుమ దాచుకొని తెచ్చినారు. మొన్న కార్తీక మాసములో జరిగిన మన సంఘ సమావేశమునకు ఒక సోదరుడు అటువంటి ఫోటో ఒకటి పాత పంచెలో చుట్టి పట్టుకొని వచ్చినాడు. దళసరి అట్ట. అట్ట అడుగున బంగారు రంగు అక్షరములలో లాలా దీన్ దయాళ్ అండ్ సన్స్, సికింద్రాబాదు అని అచ్చు. ఫోటోలో అయిదుగురు మనుషులు. ఆ అయిదుగురిలో ఒక్కరి పేరే ఆ ఇంటివారికి తెలియును. తక్కిన నలుగురు ఎవరో చెప్పగలిగిన ముసలమ్మ మూడేండ్ల క్రిందట కాలము చేసినారు.

అక్కడ ఉన్న కుర్రవాండ్రు సెల్ ఫోనులు తీసి ఆ ఫోటోను ఫోటో తీసినారు. ఒకరికొకరు పంపుకున్నారు. అంతటితో ఆగక, ఈ దీన్ దయాళ్ ఎవరని మమ్ములను అడిగినారు. మాకు తెలిసినంతవరకు అప్పుడు చెప్పితిమి. తెలిసినది చాలలేదు. తరువాత కొంత చదివి, చూచి, ఈ ఉగాది సంచికకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీన్ దయాళ్ గారు తెలుగువారు కారు. ఈ మాట ముందే చెప్పుట మంచిది. 1844లో ఉత్తరాదిన మీరట్ దగ్గరి సర్ధానా అను ఊరిలో, నగల వ్యాపారము చేయు జైన కుటుంబములో పుట్టినారు. కాని ఆయన పేరు నిలిచినది మన గడ్డ మీద. మనము తెలుగు దేశము విడిచి కన్నడ సీమకు వచ్చి ఉన్నాము. ఆయన హిందీ సీమ విడిచి తెలుగు సీమకు వచ్చి ఉన్నారు. అంతే తేడా. పైగా ఆయన కాలములో హైదరాబాదు, వరంగల్లు, బీదరు, గుల్బర్గా, ఔరంగాబాదు అన్నియు ఒకే నిజాం సంస్థానము. తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ అన్నియు ఒకే సంతలో వినిపించిన రోజులు. కనుక హుమ్నాబాదులో కూర్చుండి ఆయనను మనవాడని చెప్పుకొనుట ఏమంత తప్పు కాదని మా అభిప్రాయము.

నగల అంగడిలో పెరిగిన పిల్లవాడు నగల అంగడిలో కూర్చుండలేదు. రూర్కీలోని థామ్సన్ సివిల్ ఇంజనీరింగు కళాశాలలో చదివినారు. ఆ కాలమున మన దేశములో ఇంజనీరింగు చదువునకు పేరుపడిన చోటు అది. 1866లో చదువు ముగించుకొని ఇండోరులో ప్రభుత్వ పనుల శాఖ కార్యాలయమున ఉద్యోగములో చేరినారు. ప్రధాన ఎస్టిమేటరు, డ్రాఫ్ట్స్‌మన్. అనగా కట్టబోవు వంతెనకు, భవనమునకు నక్షా గీయుట, ఖర్చు లెక్క కట్టుట. గీత వంకర పోరాదు, లెక్క తప్పరాదు. ఆయన ఫోటోలలో స్తంభములు నిటారుగా నిలుచుట, ద్వారము సరిగా నడిమికి వచ్చుట చూచినప్పుడెల్ల మాకు ఆ నక్షాల బల్ల జ్ఞాపకము వచ్చును.

ఇండోరులో ఉండగానే, 1874 ప్రాంతమున, ఆయనకు ఫోటోగ్రఫీ మీద మనసు పోయినది. ముప్పది యేండ్ల వయస్సు, చేతిలో సర్కారు నౌకరీ, ఇంట సంసారము. ఆ వయస్సులో కొత్త విద్య పట్టుట ఎంత కష్టమో మా వంటి వారికి తెలియును. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కరు ప్రోత్సహించినారు. మధ్య భారతములో గవర్నరు జనరలు ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డేలీయు ప్రోత్సహించినారు. 1875-76లో వేల్సు యువరాజు మన దేశమునకు వచ్చినప్పుడు ఆ రాచ పరివారమును ఫోటో తీయు అవకాశము కూడ దొరికినది.

ఆ రోజులలో ఫోటో తీయుట అనగా ఏమో ఇక్కడ కొంచెము చెప్పవలెను. ఇప్పుడు మన మనుమరాలు బొటనవ్రేలితో ఒక్కసారి తాకిన పని అయిపోవును. అప్పుడు కెమెరాకు ఫిలిము లేదు. గాజు పలకయే ఫిలిము. ఆ పలకను శుభ్రముగా తుడిచి, కొలోడియన్ అను జిగట ద్రావకము దాని మీద పోసి, నలుమూలలకు సమముగా పారునట్లు వంచవలెను. తరువాత చీకటిలో వెండి నైట్రేటు నీటిలో ముంచవలెను. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయవలెను. తడి ఆరకముందే మరల చీకటి గుడారములోనికి పరుగెత్తి కడుగవలెను. ఆరినదా, పలక పాడు. అంతయు పది పదిహేను నిమిషముల పని. మన దక్కను ఎండలలో అంత వ్యవధియు చిక్కదు. కొండ మీది కోటను ఫోటో తీయవలెనన్న కెమెరా, ముక్కాలి పీట, గాజు పలకల పెట్టెలు, మందు సీసాలు, నీళ్లు, గుడారము అన్నియు ఎడ్ల బండ్ల మీదను, కూలీల నెత్తి మీదను కొండ ఎక్కవలెను. దిగునప్పుడు ఆ గాజు పగులకుండ దిగవలెను. 1880 దాటిన తరువాత ముందుగానే మందు పూసిన పొడి పలకలు వచ్చి ఈ అవస్థ తగ్గినది. గాజు బరువు మాత్రము తగ్గలేదు.

పలక మీది బొమ్మ కాగితము మీదికి దిగుటకు ఇంకొక తంతు. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును పలక క్రింద పెట్టి ఎండలో ఉంచవలెను. మన తాతల ఫోటోలలో ఆ గోధుమ రంగు, ఆ నునుపు దానివే. జైన కుటుంబములో పుట్టిన మనిషి జీవితమంతయు గ్రుడ్డుసొన కాగితముతో పని చేయవలసి వచ్చినది. ఆయన దానిని ఎట్లు సమాధానపరచుకొన్నారో గాని, చిత్రములు మాత్రము నూరేండ్లు దాటియు వెలవెలపోకుండ ఉన్నవి.

డేలీ తరువాత ఆ పదవికి వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ 1880ల మొదటి భాగమున దీన్ దయాళ్ గారిని వెంటబెట్టుకొని బుందేల్‌ఖండు మొదలైన ప్రాంతములు తిరిగినారు. పాత కోటలు, గుడులు, మహళ్లు అన్నియు ఫోటో తీయించినారు. మధ్య భారతపు ప్రసిద్ధ కట్టడములను గురించి గ్రిఫిన్ ప్రకటించిన గ్రంథము 1886లో ఆ చిత్రములతో వెలువడినది. రాజప్రతినిధి డఫరిన్ ప్రభువు దృష్టిలో పడి, ఆయన ఫోటోగ్రాఫరుగా నియమింపబడుటయు ఆ దినములలోనే జరిగినది.

ఇక ఆయన జీవితములో మాకు అన్నిటికంటె పెద్దదిగా తోచు ఘట్టము. 1885లో ఆయన సర్కారు కొలువు నుండి రెండేండ్ల దీర్ఘ సెలవు తీసుకున్నారు. సెలవు ముగిసినది. ఆయన బల్ల దగ్గరకు తిరిగి పోలేదు. నౌకరీ విడిచినారు. అప్పటికి ఇరువది యేండ్ల సర్వీసు. వయస్సు నలువది దాటినది. పెండ్లాము, పిల్లలు ఉన్న మనిషి. చరిత్ర వ్రాయు పెద్దలు ఈ సంగతిని ఒక్క వాక్యములో దాటిపోవుదురు. మేము దాటలేకున్నాము. మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము. సెలవు చీటీ అనగా ఏమో, సర్వీసు రిజిస్టరు అనగా ఏమో ఎరిగినవారము. నెల మొదటి తారీఖున వచ్చు జీతమును విడిచి, వచ్చునో రాదో తెలియని గిరాకిని నమ్ముకొనుటకు ఎంత గుండె కావలెను! రాజుల మెప్పు ఉన్నది నిజమే. రాజుల మెప్పు నెల జీతము కాదు. ఈ ఊరికి వచ్చిన మన వారిలోను ఉన్న పనిని విడిచి తెలియని చోటికి బయలుదేరినవారు ఎందరో ఉన్నారు. వారు ఈ పేరాను రెండు మారులు చదువుదురని అనుకొందుము.

ఆయన సికింద్రాబాదునకు వచ్చినారు. 1880ల మధ్యలో లాలా దీన్ దయాళ్ అండ్ సన్స్ అను పేరుతో అక్కడ దుకాణము వెలసినది. ఎందుకు సికింద్రాబాదు? అక్కడ ఇంగ్లీషు దండు ఉన్నది. అధికారులు, వారి కుటుంబములు ఉన్నవి. ఆ పక్కనే హైదరాబాదు, నవాబులు, దేవిడీలు. ఇంకొక సంగతి మా శాఖవారికి ప్రీతికరమైనది. వాడి నుండి సికింద్రాబాదునకు రైలు 1874లోనే పడినది. దానితో బొంబాయి లైను కలిసినది. 1886కు వరంగల్లు వరకు, 1889కు బెజవాడ వరకు పట్టాలు సాగినవి. పెళుసైన గాజును, మందు సీసాలను తెప్పించుకొను వ్యాపారికి రైలు ఎంత ఆధారమో వేరుగా చెప్పనక్కరలేదు. మన హుమ్నాబాదు మీదుగా బీదరు, కలబురగి నడుమ బండి నడిచినది 2017 అక్టోబరు 29న ప్రారంభోత్సవము జరిగిన తరువాత. దీన్ దయాళ్ గారు మన వైపు రావలెనన్న ఎడ్ల బండియే గతి.

అప్పుడు గద్దె మీద ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1866లో పుట్టినవారు. దీన్ దయాళ్ గారు కొలువులో చేరిన సంవత్సరమే ప్రభువు పుట్టిన సంవత్సరము. నవ యువకుడైన నిజామునకు వేట మీద, దుస్తుల మీద, కొత్త వస్తువుల మీద మక్కువ. దీన్ దయాళ్ గారి పని నచ్చినది. ఆస్థాన ఛాయాచిత్రకారుని చేసినారు. 1890ల నడుమ రాజా బహదూర్ ముసవ్వర్ జంగ్ అను బిరుదునిచ్చి గౌరవించినారు. ముసవ్వర్ అనగా చిత్రకారుడు. కత్తి పట్టినవారికి ఇచ్చు జంగ్ బిరుదు కెమెరా పట్టినవానికి దక్కినది. నిజాముగారు కవి కూడ. దీన్ దయాళ్ నైపుణ్యము మీద ఉర్దూలో ఒక ద్విపద చెప్పినారని ప్రసిద్ధి.

అప్పటి నుండి హైదరాబాదు అంతయు ఆ గాజు పలకల మీదికి ఎక్కినది. చార్మినారు వీధి, గోలకొండ సమాధులు, ఓరుగల్లు కోట, హనుమకొండ వేయి స్తంభముల గుడి, అటు దౌలతాబాదు, ఎల్లోరా. పాయిగా నవాబులైన అస్మాన్ జా గారి బషీర్‌బాగు, వికారుల్ ఉమరా గారి ఫలక్‌నుమా మేడలు లోపలి తివాచీలతో, దీపపు గుత్తులతో సహా. ఫలక్‌నుమాను ఇప్పుడు చూడబోవువారు హోటలును చూతురు. నూట ముప్పది యేండ్ల క్రిందట ఆ కుర్చీలు ఎక్కడ వేసి ఉన్నవో తెలియవలెనన్న దీన్ దయాళ్ గారి ఫోటోయే చూడవలెను. నవాబులు, జాగీర్దారులు, దొరలు, దొరసానులు, పహిల్వానులు, సేనానులు, ఏనుగుల మావటీలు అందరు ఆయన కెమెరా ముందు కదలక కూర్చున్నారు.

1892లో ఆయన చేసిన పని ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. హైదరాబాదు కుటుంబములలో ఘోషా గట్టిది. స్త్రీలు ఫోటోగ్రాఫరు ముందు కూర్చుండుట అనునది లేదు. ఆ యిండ్ల ఆడవారి ముఖములు ఏ పటములోను లేకుండ పోవలసినదే. దీన్ దయాళ్ గారు స్త్రీల కొరకే వేరుగా ఒక స్టూడియో తెరచినారు. చుట్టు ఎత్తయిన గోడలు. లోపలికి మగవానికి ప్రవేశము లేదు. నడుపుట కెన్నీ లెవిక్ అను ఇంగ్లీషు దొరసాని. కెమెరా పట్టునది కూడ స్త్రీయే. ఇందులో వ్యాపారపు తెలివి లేదని మేము అనము. గిరాకిలో సగము జనము గోడల లోపల ఉండగా ఏ వ్యాపారి ఊరకుండును! అయినను, ఏ ముసలమ్మయో తన పడుచుదనపు ముఖమును మనుమరాలికి చూపించుకొనుటకు ఆ గోడల వలన వీలు చిక్కినది. మన ఇండ్లలోని పాత పటములు లెక్కపెట్టి చూడుడు. తాతలు ఎందరు, అవ్వలు ఎందరు? మేము మా ఇంట లెక్కపెట్టితిమి. తాతలు నలుగురు, అవ్వ ఒక్కరు. ఆమెయు తల పక్కకు త్రిప్పుకొని ఉన్నది.

వేట చిత్రములు ఆయనకు మిక్కిలి పేరు తెచ్చినవి. 1902 ఏప్రిలులో రాజప్రతినిధి కర్జను ప్రభువు, ఆయన భార్య నిజాం రాజ్యములో వేటకు వచ్చి, వరంగల్లు వైపు నెక్కొండ దగ్గర విడిది చేసినారు. చచ్చిన పులిని ముందు వేసుకొని దంపతులు నిలుచున్న ఆ ఫోటో దేశ దేశములలో పుస్తకములకెక్కినది. కాజీపేట, డోర్నకల్లు నడుమ ఆ నెక్కొండ స్టేషను మీదుగా ఎన్నిమార్లు పోయినామో. బండి ఆగినప్పుడు కిటికీలో నుండి చూతుము. పొలములు, ఇండ్లు కనిపించును. పులి తిరిగిన అడవి అని చెప్పినను నమ్మశక్యము కాదు.

పులి ఫోటోకు రెండు మూడేండ్ల ముందు తీసినవి వేరే కొన్ని ఉన్నవి. 1899-1900లో దక్కనులో పెద్ద కరవు వచ్చినది. ఔరంగాబాదు వైపు కరవు బాధితులను దీన్ దయాళ్ గారి కెమెరా పట్టినది. ఎముకల గూళ్లవంటి మనుషులు వరుసగా కూర్చుండి ఉన్నారు. ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చును. పిల్లల కడుపులు ఉబ్బి ఉన్నవి. సర్కారు చేయు సహాయ కార్యములను చూపుటకు తీయించిన చిత్రములు అవి. చూచువారికి సహాయము కంటె ఆకలియే ముందు కనిపించును. ఆ వరుసలో ఒక్కరి పేరును లేదు. నవాబుగారి ఫోటో క్రింద పేరు, బిరుదు, ఊరు అన్నియు ఉండును. కరవు ఫోటో క్రింద జనము అని మాత్రమే. ఇది దీన్ దయాళ్ గారి తప్పని మేము అనము. ఆ కాలము తీరు అది. కాని ఒకే చేతితో తీసిన ఫలక్‌నుమా దీపములను, ఈ ప్రక్కటెముకలను పక్కపక్కన పెట్టి చూచినప్పుడు మనసు కలత పడును. రాజుగారి కొలువులో ఉన్నవాడు రెండును తీసినాడు, రెండును దాచినాడు. అందుకు ఆయనను మెచ్చవలెను.

తక్కిన వైభవము క్లుప్తముగా చెప్పెదము. 1893లో అమెరికాలో షికాగో ప్రపంచ ప్రదర్శనమునకు ఆయన చిత్రములు పోయినవి. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెరచినారు. 1897లో విక్టోరియా రాణి ఫోటోగ్రాఫరు అను సన్నదు వచ్చినది. 1903 ఢిల్లీ దర్బారును ఫోటో తీసినారు. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇరువురు పనిలో అంది వచ్చినారు. పేరులోని సన్స్ అను మాట ఉత్త అలంకారము కాదు.

1904లో ధరమ్ చంద్ చనిపోయినాడు. ఎదిగిన కొడుకును పోగొట్టుకొన్న తండ్రి మరుసటి సంవత్సరము, 1905 జూలైలో, తానును కన్నుమూసినారు. అరువది యొక్క సంవత్సరములు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ గారును పోయినారు. తెలిసిన ప్రభువు లేడు. చేతి కెమెరాలు వచ్చి, ఎవరి బొమ్మ వారే తీసుకొను రోజులు వచ్చినవి. జ్ఞాన్ చంద్, తరువాతివారు పనిని నడిపించుకొన్నారు గాని వెనుకటి వెలుగు రాలేదు.

మిగిలినవి గాజు పలకలు. గాజు పలకలను దాచుట ఎవరికైన బరువే. చోటు కావలెను, చెమ్మ తగులరాదు, పిల్లల చేయి తగులరాదు. ఆ యింటివారు ఎనుబది యేండ్లకు పైగా వానిని కాపాడినారు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రము వారి దగ్గర నుండి 2,857 పలకలను కొన్నది. 2006లో హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో ఆయన చిత్రముల ప్రదర్శనము జరిగినది. అదే సంవత్సరము తపాలా శాఖవారు ఆయన బొమ్మతో బిళ్ల వేసినారు. కుర్రవాండ్లకు మేము మొదట చూపినది ఆ బిళ్లయే.

పలకలు ఢిల్లీలో భద్రముగా ఉన్నవి, సంతోషము. ఇక్కడ ఇంకొక దేశపు సంగతి జ్ఞాపకము వచ్చుచున్నది. అమెరికాలో జాజ్ అను సంగీతము ఉన్నది గదా. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బిల్లీ హాలిడే, డ్యూక్ ఎల్లింగ్టన్ మొదలైన నల్లజాతి విద్వాంసులు పెంచిన కళ. 1940లలో విలియం గాట్లీబ్ అను పత్రికా రచయిత వారి కచేరీలకు పోయి ఫోటోలు తీసినాడు. ఫోటోగ్రాఫరుకు పత్రిక డబ్బు ఇయ్యకపోగా తానే కెమెరా కొనుక్కొని నేర్చుకొన్నాడట. ఆ ఫోటోలను వారి జాతీయ గ్రంథాలయము 1995లో కొన్నది. గాట్లీబ్ కోరిక ప్రకారము 2010 నుండి అవి ఎవరైన వాడుకొనవచ్చును. ఒక్కొక్క ఫోటోకు ఎవరు, ఎక్కడ అని వివరము వ్రాసి ఉన్నది. పాడినవారి గొంతు రికార్డులో ఉన్నది, ముఖము ఫోటోలో ఉన్నది, పేరు దాని పక్కన ఉన్నది.

మా ఇంటి సంగతి చెప్పి ముగింతుము. మా తాతగారు తన కచేరీవారితో కలిసి తీయించుకొన్న గుంపు ఫోటో ఒకటి మా వద్ద ఉండెడిది. దళసరి అట్ట మీద క్రింద వరుసగా పేర్లు అచ్చువేసి ఉండెను. మా నాయనగారు పోయిన ఏడు దానికి చెదలు పట్టుచున్నదని పటము కట్టించుటకు ఇచ్చితిమి. ఫ్రేము కొలతకు సరిపోలేదని అట్ట అంచును కత్తిరించి, చక్కగా అద్దము బిగించి ఇచ్చినారు. ఇంటికి తెచ్చి గోడకు తగిలించిన తరువాత గాని చూచుకొనలేదు. మరుసటి రోజు పోయి అడుగగా ముక్కలు ఊడ్చివేసినామన్నారు. తప్పు వారిది కాదు, చెప్పక ఇచ్చిన మాది. పదునెనిమిది మందిలో మా తాతగారిని ముక్కును బట్టి పోల్చుకొందుము. తక్కిన పదునేడుగురు ఎవరి తాతలో.

ఉగాది నాటి సాయంకాలము పంచాంగ శ్రవణము తరువాత సంఘము ఆవరణలో ఒక బల్ల వేయించుచున్నాము. ఇంట ఉన్న పాత ఫోటోలు తేవలెను. పటము కట్టినవి విప్పనక్కరలేదు. మన కుర్రవాండ్రు అక్కడనే నకలు తీసి, అసలు మీ చేతికి ఇచ్చివేయుదురు. పేర్లు తెలిసిన పెద్దలను కూడ వెంట తీసుకొని రావలెను, నడువలేనివారుంటే కబురు చేసిన మేమే ఇంటికి వత్తుము. వెనుక పేర్లు వ్రాయదలచినవారు బాల్ పెన్నుతో వ్రాయవలదు, సిరా ఇటువైపు దిగును. మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ, అంచున వ్రాయవలెను. పెన్సిళ్లు మేము తెచ్చెదము. పంచెలో చుట్టి తెచ్చిన ఆ అయిదుగురి ఫోటోయు బల్ల మీద ఉండును. ఆ నలుగురిలో ఎవరినైన గుర్తుపట్టువారు ఉన్నారేమో చూడవలెను.